కరెంటు పెట్టిన దవడ

2010 ఎండాకాలంలో జరిగిన బదిలీల్లో నన్ను కోరుట్ల ప్రభుత్వ ఆసుపత్రికి డెంటల్ అసిస్టెంట్ సర్జన్‌గా వేశారు. ప్రభుత్వ దంతవైద్యుల్లో అది మొదటి మెట్టు. ఉద్యోగంలో చేరి ఇరవై ఏళ్లు దాటినా నేను ఇంకా ఆ మెట్టు మీదే ఉన్నాను. మా శాఖలో పై పోస్టులు తక్కువ. అవి ఖాళీ కావాలంటే ముందున్నవాళ్లు రిటైర్ కావాలి. వారంలో నాలుగు రోజులు కోరుట్లలోనూ, రెండు రోజులు డిప్యుటేషన్ మీద జగిత్యాల ఆసుపత్రిలోనూ పని. అప్పటికి జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు కాలేదు. అంతా కరీంనగర్ జిల్లానే.

సర్కారు దవాఖానలో దంతవైద్యురాలంటే జనానికి పళ్లు పీకే డాక్టరమ్మ, అంతే. అందులో తప్పేమీ లేదు. మా దగ్గరికి వచ్చేవాళ్లు చాలావరకు నొప్పి భరించలేని దశలోనే వస్తారు. పన్నును కాపాడుకోవాలంటే నాలుగైదు సార్లు తిరగాలి, తిరిగిన ప్రతిసారీ ఒక రోజు కూలి పోతుంది. అందుకని కుర్చీలో కూర్చుంటూనే పీకేయమంటారు. మత్తు సూది ఇచ్చి, పెదవి మొద్దుబారే దాకా ఆగి, పన్ను తీసి, దూది కరిపించి పంపిస్తాం. మూడో రోజుకు పుండు పూడటం మొదలవుతుంది. మామూలు దవడకు అది కష్టమైన పని కాదు. ఎముకలో రక్తం ఆడుతుంది, పన్ను తీసిన గుంటలో రక్తం గడ్డకడుతుంది, ఆ గడ్డ మీద కొత్త కండ అల్లుకుంటుంది. ఈ వరుసలో మొదటిది లేకపోతే తర్వాతివేవీ జరగవు.

ఖాజా మియా నా దగ్గరికి మొదటిసారి వచ్చింది 2011 వానాకాలంలో. యాభైకి అటూఇటూ వయసు, పొడగరి. కోరుట్లలో పెళ్లిళ్లకు వండే బావర్చి. చుట్టుపక్కల మండలాల్లో హిందువుల ఇళ్లలోనూ ముస్లింల ఇళ్లలోనూ పెద్ద వంట ఉందంటే ఆయన బగారా అన్నమే కావాలనేవారు. వెంట భార్య హసీనా బీ వచ్చింది. ఆయన చేతిలో నీళ్ల సీసా ఉంది. రెండు మాటలు మాట్లాడితే ఒక గుక్క తాగుతున్నాడు.

"మేడం, గీ కింది పన్ను పీకేయుండ్రి. నొప్పి వశపడ్తలేదు," అన్నాడు.

నోరు తెరవమన్నాను. తెరిచానన్నాడు గాని నా చూపుడువేలు ఒక్కటే పళ్ల మధ్య పట్టింది. నోరు ఎంత తెరుచుకుంటుందో మేం వేళ్లతో కొలుస్తాం. మామూలు మనిషి నోట్లో మూడు వేళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. టార్చి వేసి చూస్తే కుడివైపు కింది పళ్లన్నీ చిగురు దగ్గర గోధుమరంగుకు తిరిగి, చుట్టూ తొలిచినట్టు అరిగిపోయి ఉన్నాయి. నోరు ఎండిపోయి, అద్దం పెడితే చెంపకు అతుక్కుంటోంది. అప్పుడు ముఖం చూశాను. ఎడమ చెంప నిండా నెరిసిన గడ్డం. కుడి చెంప కింద, మెడ దాకా, ఒక్క వెంట్రుక లేదు. అక్కడి చర్మం నల్లబడి తోలులా బిగుసుకుంది.

"ఎప్పుడన్న కరెంటు వెట్టిండ్రా భాయ్?" అని అడిగాను. మా ప్రాంతంలో రేడియేషన్ చికిత్సను జనం అనే మాట అదే.

"ఆఁ, వెట్టిండ్రు మేడం. ఆరేండ్లాయె. చెంపల క్యాన్సర్ అయ్యుండె. హైదరాబాదుల కోసిండ్రు, కరెంటు వెట్టిండ్రు. మొత్తం సాఫ్ అయింది. ఇప్పుడేం లేదు." ఆ చివరి మాట అంటున్నప్పుడు ఆయన గొంతులో గర్వం వినిపించింది. ఉండదగినదే. జర్దా పొగాకు నమిలే అలవాటు వల్ల వచ్చిన జబ్బు, చికిత్స తర్వాత మళ్లీ జర్దా ముట్టుకోలేదు. రెండేళ్ల పాటు హైదరాబాదుకు తిరిగి చూపించుకున్నాడు. ప్రతిసారీ ఏమీ లేదు పొమ్మన్నారు. ఏమీ లేనిదానికి అంత దూరం ఎందుకని తిరగడం మానేశాడు.

నోరు ఎండటం, దవడ బిగుసుకోవడం, నాలుకకు రుచి తెలియకపోవడం ఇవన్నీ క్యాన్సర్ తగ్గినందుకు కట్టాల్సిన సుంకం అనుకున్నాడు. ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. బావర్చికి ఉప్పు తెలియదంటే ఇంకేముంది? పొయ్యి మీది పెద్ద వంటపాత్ర, దేగ్, దించే ముందు హసీనా బీ గరిటెతో ఇంత తీసి అరచేతిలో వేసుకుని చూసి తల ఊపేది. ఆ సంగతి ఆమే నాకు నవ్వుతూ చెప్పింది.

రేడియేషన్ క్యాన్సర్ కణాలను చంపుతుంది. దాని దారిలో పడిన లాలాజల గ్రంథులను, దవడ ఎముకలోని సన్నటి రక్తనాళాలను కూడా ఎండబెడుతుంది. ఎముక పైకి బాగానే కనిపిస్తుంది, కదిలించనంత కాలం ఊరుకుంటుంది. అందులోంచి పన్ను పీకితే ఆ గుంట పూడకపోవచ్చు, గుంట చుట్టూ ఉన్న ఎముక కొంచెం కొంచెంగా చచ్చిపోవచ్చు. కరెంటు పెట్టి ఎన్నేళ్లయినా ఈ ప్రమాదం పోదు. అందుకే చికిత్సకు ముందే పాడైన పళ్లు తీసేయాలి, తర్వాత జీవితాంతం పళ్లను చూపించుకుంటూ ఉండాలి. ఖాజా మియాకు ఈ రెండూ జరగలేదు.

పీకనన్నాను. ఎందుకో నాకు చేతనైనంత వివరంగా చెప్పాను. పీకకుండా పన్ను లోపలి నరం తీసి మందు నింపే పద్ధతి ఉంది గాని, వెనక పన్నుకు ఆ పరికరాలు చేరాలంటే నోరు తెరుచుకోవాలి. ప్రయత్నించాను, చేరలేదు. ఇక మిగిలింది హైదరాబాదు. అక్కడ పెద్ద దంతవైద్యశాలలో, ముందు నుంచే మందులు వాడించి, ఎముకకు దెబ్బ తగలకుండా తీసే నిపుణులుంటారు. నేను యాంటీబయాటిక్, నొప్పి మాత్రలు ఇచ్చి, అక్కడికి రెఫర్ చేశాను.

హసీనా బీకి కోపం వచ్చింది. "పన్ను పీకే డాక్టరే పీకనంటె ఎట్ల మేడం? పన్ను నొప్పికి హైదరాబాదు పోతరా ఎవరన్న? ఇనెటోళ్లు నవ్వుతరు."

ఖాజా మియా ఆమెను ఆపాడు. పోతాం లెమ్మన్నాడు. చేతిలో ఒప్పుకున్న పెళ్లి ఒకటుంది, అది కాగానే పోతామన్నాడు.

ఆ పెళ్లి అయ్యేసరికి ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. ఉద్యోగులు ఆఫీసులకు తాళాలు వేశారు, బడులు మూతపడ్డాయి, బస్సులు డిపోల్లోంచి కదల్లేదు. డాక్టర్లం నల్లబ్యాడ్జీలు పెట్టుకుని, ఓపీ కాసేపు బహిష్కరించి, గేటు ముందు కూర్చునేవాళ్లం. అత్యవసర సేవలు మాత్రం ఆపలేదు. నేనూ కూర్చున్నాను. అది నాకు ఇష్టమై చేసిన పని. దానికి ఇప్పటికీ నేను బాధపడను.

ఒకరోజు మెయిన్ రోడ్డు మీద వంటావార్పు పెట్టారు. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని, అక్కడే తింటూ రాకపోకలు ఆపేసే నిరసన అది. వండుతున్నది ఖాజా మియా. కుడి చెంప ఉబ్బి ఉంది, దస్తీ గడ్డం కిందినుంచి తల మీదికి కట్టుకున్నాడు. నేను దగ్గరికి పోయి దస్తీ విప్పమని, రోడ్డు పక్కనే చూశాను. చీము పడుతోంది. మందు మార్చి రాశాను.

"ఎట్లనన్న జేసి హైదరాబాదు పోవాలె భాయ్," అన్నాను.

"బస్సు ఏది మేడం?" అని నవ్వాడు. "తెలంగాణ రానీయుండ్రి. గింత దూరం పోయే పనే ఉండది. జగిత్యాలలనే పెద్ద దవాఖాన అయితది."

చుట్టూ ఉన్నవాళ్లు అవునన్నారు. ఆరోజు నేను కూడా అదే అనుకున్నాను.

ఆసుపత్రి అంబులెన్సులో పంపవచ్చా అని మా సూపరింటెండెంటును అడిగాను. ఆయన మంచివాడే. కాన్పులకు, ప్రమాదాలకు ఉన్న బండి అది; పన్ను నొప్పికి పంపితే ఆ సమయంలో కాన్పు కేసు వస్తే ఎవరు జవాబుదారీ అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. పన్ను నొప్పి ఏ పట్టికలోనూ అత్యవసరం కాదు.

ఇంకో వారం గడిచింది. హసీనా బీ తమ్ముడు సిరిసిల్లలో మరమగ్గాల మీద పని చేస్తాడు. వాళ్లింట్లో పెళ్లి వచ్చింది. వంట ఖాజా మియాదే. ఊళ్ల మీదుగా ఆటోలు మారుతూ, వేములవాడ దాటి, సిరిసిల్ల చేరుకున్నారు. పెళ్లికి ముందు రోజు ఆయన గడ్డం నున్నగా గీయించుకున్నాడు. నొప్పి ఎక్కువై, దేగ్ ముందు నిలబడలేక, ఆ ఊళ్లో ఒక ప్రైవేటు దంతవైద్యుడి దగ్గరికి పోయి పన్ను పీకించుకున్నాడు.

ఇది నాకు తెలిసింది ఆయనే వచ్చి చెబితే. సమ్మె ముగిసి బస్సులు తిరగడం మొదలైన రోజులవి. ఒక డబ్బాలో ఇంట్లో చేసిన హల్వా పట్టుకుని వచ్చాడు.

"చూడుండ్రి మేడం, పీకిచ్చుకున్న. ఏం కాలే. ఆ రోజే నిద్ర వట్టింది," అన్నాడు.

కరెంటు పెట్టించుకున్న సంగతి ఆ డాక్టరుకు చెప్పారా అని అడిగాను.

నీళ్ల సీసా మూత తిప్పి ఒక గుక్క తాగాడు. "చెప్పలే మేడం. చెప్తె ఆయన గూడ మీ లెక్కనే పీకనంటడని చెప్పలే. ఆయన అడిగిండు, ఏమన్న జబ్బులున్నయా అని. లేవన్న."

నేను కోప్పడలేదు. పన్ను తీయడం ప్రమాదమని ఆయనకు అర్థమయ్యేలా చెప్పింది నేనే. నా మాట ఆయన బాగానే విన్నాడు. నొప్పి భరించలేని స్థితిలో ఎవరి దగ్గర ఏం దాచాలో, గడ్డం ఎందుకు గీయించుకోవాలో కూడా దాంతోనే తెలుసుకున్నాడు.

గుంట చూశాను. ఆ పాటికి పూడిపోయి ఉండాలి. పూడలేదు. అంచులు పాలిపోయి, లోపల ఎండిపోయి ఉంది. వారానికోసారి రమ్మని, సెలైన్‌తో కడిగి, మందు గుడ్డ పెట్టేదాన్ని. ఆయన ఒక్క వారం కూడా తప్పలేదు. చలికాలం ముగిసేలోపు గుంట అడుగున పసుపుపచ్చగా, గోరంత ఎముక బయటపడింది. పరికరం కొసతో తాకి నొప్పి ఉందా అన్నాను. లేదన్నాడు. బతికున్న ఎముకను తాకితే మనిషి ఉలిక్కిపడతాడు.

ఆ తర్వాత నోటి నుంచి వాసన మొదలైంది. చచ్చిన ఎముక వాసన ఎంత కడిగినా పోదు. కోరుట్లలో మాట పాకింది: ఖాజాకు క్యాన్సర్ మళ్లీ తిరగబెట్టిందట. మల్లాపూర్‌లో ఒప్పుకున్న పెళ్లివాళ్లు మనిషిని పంపి, ఈసారికి వేరేవాళ్లను చూసుకుంటామన్నారు. తర్వాత ఇంకొకరు. క్యాన్సర్ అంటుకోదని వాళ్లకు తెలియక కాదు. పెళ్లి వంట దగ్గర ఆ జబ్బు పేరు వినపడకూడదని వాళ్ల ఉద్దేశం. హసీనా బీ బీడీలు చుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. మళ్లీ చాట ఒళ్లో పెట్టుకుంది.

2012లో సెలవు పెట్టి వాళ్లిద్దరినీ నేనే హైదరాబాదు తీసుకుపోయాను. మొదట ఆయనకు చికిత్స చేసిన చోటికి. అక్కడి యువ డాక్టరు శ్రద్ధగా చూశాడు. ముక్క తీసి పరీక్షకు పంపాడు. రిపోర్టు వచ్చాక మమ్మల్ని కూర్చోబెట్టి, "క్యాన్సర్ తిరిగి రాలేదు. ఆ భయం పెట్టుకోవద్దు," అన్నాడు. ఖాజా మియా లేచి ఆయన చేతులు పట్టుకున్నాడు.

హసీనా బీ మాత్రం లేవలేదు. "మరి గీ ఎముక సార్?" అంది.

అది క్యాన్సర్ కాదు కాబట్టి తమ విభాగంలోకి రాదనీ, దంతవైద్యశాలకు వెళ్లాలనీ చెప్పాడు. అక్కడికి పోయాం. నోటి శస్త్రచికిత్స విభాగంలో పెద్దాయన ఎక్స్‌రే చూసి, చచ్చిన ఎముకను తీసేసి, కాలి ఎముకతో దవడ కట్టాలన్నాడు. పెద్ద ఆపరేషన్. తమ దగ్గర ఆ వసతి లేదు, ప్లాస్టిక్ సర్జరీ వాళ్లతో కలిపి చేసే కార్పొరేట్ ఆసుపత్రిలో ప్రభుత్వ ఉచిత వైద్య పథకం కింద చేయించుకోవచ్చన్నాడు. మూడోచోట, పథకం కౌంటరులో ఉన్న అమ్మాయి కంప్యూటరులో చాలాసేపు వెతికింది. దవడ క్యాన్సరుకు ఆపరేషన్ ఉంది, కోడ్ ఉంది. ప్రమాదంలో దవడ విరిగితే ఉంది. క్యాన్సర్ నయమైన తర్వాత దాని చికిత్స వల్ల ఎముక చచ్చిపోతే ఏమీ లేదు.

"మేడం, వేరే ఏ పేరుతోనన్నా రాసిస్తారేమో డాక్టర్‌ను అడగండి," అని నెమ్మదిగా చెప్పింది ఆ అమ్మాయి. ఆమె సాయం చేయాలనే అంది. లేని జబ్బు పేరు ఎవరూ రాయరు. ఉన్న జబ్బుకు పేరు లేదు.

తిరుగు ప్రయాణంలో ఖాజా మియా కిటికీ దగ్గర కూర్చున్నాడు. సిద్దిపేట దగ్గర అన్నాడు: "క్యాన్సర్ వచ్చినప్పుడు అందరు ఉరికిండ్రు మేడం. ఆపరేషన్‌కు కాయితం ఒక్కదినంల అయింది. అప్పుడు నేను సచ్చేటోన్ని కదా. ఇప్పుడు బతికిన, అందుకే ఎవరికి పట్టది."

ఈ జబ్బును కూడా పథకంలో చేర్చమని నేను పై అధికారులకు రాశాను. రాయవలసిన వరుసలోనే రాశాను: మా సూపరింటెండెంటు ద్వారా జిల్లా కోఆర్డినేటరుకు, ఆయన ద్వారా హైదరాబాదుకు. పరిశీలనలో ఉందన్నారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఆ మాటకు అర్థం నాకు తెలుసు గనుక మళ్లీ రాశాను. అదే జవాబు వచ్చింది. ఈలోగా నేను చేయగలిగినవి కడగడం, మందులు ఇవ్వడం, వదులైన ఎముక ముక్కలు బయటికి వస్తే జాగ్రత్తగా తీయడం. ఇలాంటి ఎముకకు పని చేస్తాయని పుస్తకాల్లో రాసిన మాత్రలు రెండు రకాలు తెప్పించి వాడాను. కొన్నాళ్లు చీము తగ్గింది. ఎముక బయటపడటం మాత్రం ఆగలేదు.

ఆ ఏడాది చివర ఒక మధ్యాహ్నం దాల్చాలో బాగా నానబెట్టిన అన్నం తింటుంటే దవడ విరిగింది. దెబ్బ లేదు, పడింది లేదు. టక్కుమని శబ్దం తమకు కూడా వినపడిందని హసీనా బీ చెప్పింది. ఆయనను ఆసుపత్రికి తెచ్చేసరికి గడ్డం ఒక పక్కకు ఒరిగిపోయి, రెండు చేతులతో కింది దవడను పట్టుకుని ఉన్నాడు. కళ్లల్లో నొప్పి కంటే ఆశ్చర్యం ఎక్కువగా ఉంది.

దవడ విరగడానికి కోడ్ ఉంది. ఈసారి అనుమతి రెండు రోజుల్లో వచ్చింది.

కాని ఆ కోడ్ కింద వచ్చేది విరిగిన దవడకు లోహపు పట్టీ వేసే ఆపరేషన్. పట్టీ నిలబడాలంటే మేకులు దిగే ఎముక ఉండాలి. సర్జన్లు తెరిచి చూసి, చచ్చినంత మేరా తీసేసి, కుడి సగం దవడ లేకుండానే కుట్టేశారు. కాలి ఎముకతో కట్టే పని తర్వాత చూద్దామన్నారు. చూడటం కుదరలేదు. మెడలో కరెంటు తగిలిన రక్తనాళాలు అతికించడానికి పనికిరావని, ఒంట్లో బలం లేదని తేల్చారు.

ఆ తర్వాత ఆయనను నేను గుర్తుపట్టడానికి ఒక క్షణం పట్టింది. కుడి చెంప లోపలికి పోయింది. పెదవి మూసుకోదు, ఉమ్మి కారుతూనే ఉంటుంది. ఇన్నేళ్లు ఎండిపోయిన నోటికి అదొక విచిత్రం. మాట హసీనా బీకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. తినడం జావ, పలుచటి పప్పునీళ్లు. మింగేటప్పుడు దగ్గు వచ్చేది. గొంతులోని కండరాలు బిగుసుకుపోతే తిన్నదాంట్లో కొంత పొరపాటు దారిలో ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. కూర్చుని, తల కొంచెం ముందుకు వంచి, చిన్న చిన్న గుటకలుగా మింగమని నేర్పించాను. మింగడం నేర్పించే నిపుణులు వేరే ఉంటారు. మా చుట్టుపక్కల ఎక్కడా లేరు.

ఆయన బయటికి రావడం మానేశాడు. వంటపని కొడుకు చూసుకుంటున్నాడు. ఆ కుర్రవాడికి వచ్చే పిలుపులు కూడా తక్కువే. నేను జగిత్యాల పోయే రోజుల్లో తప్ప సాయంత్రం ఇంటికి పోతూ వాళ్ల గల్లీలో ఆగి చూసేదాన్ని. ఒకసారి నా చేతి సంచిలోంచి పెన్ను అడిగి తీసుకుని, పేపరు అంచున ఉర్దూలో ఏదో రాసి భార్యకు చూపించాడు. ఆమె చదివి, నాకు చెప్పకుండా కాగితం మడిచేసింది. తర్వాత గుమ్మం దాకా వచ్చి అంది: "'మేడంను ఇగ రావద్దను, ఆమెకు గూడ పరేషానే' అని రాసిండు."

నేను పోవడం మానలేదు. పోయి చేసిందేమీ లేదు.

2014 మొదట్లో, రాష్ట్రం ఖాయమైందని ఊళ్లన్నీ గులాల్ చల్లుకున్న రోజుల తర్వాత, ఆయనను న్యుమోనియాతో జగిత్యాల ఆసుపత్రిలో చేర్చారు. అది నా డిప్యుటేషన్ రోజు కావడం వల్ల వార్డుకు పోయి చూశాను. రెండు ఊపిరితిత్తుల్లోనూ నిమ్ము నిండింది. ఫిజీషియన్ చేయవలసిందంతా చేశాడు. మూడో రోజు, అదీ నా జగిత్యాల రోజే, పొద్దున నేను ఓపీలో ఉండగా నర్సు వచ్చి ఆయన పోయాడని చెప్పింది.

వార్డు బయట బంధువులు, కోరుట్ల గల్లీ వాళ్లు ఓ పదిమంది నిలబడి ఉన్నారు. హసీనా బీ నన్ను చూసి లేచి వచ్చింది. ఏడవడం లేదు. నా మోచెయ్యి పట్టుకుని వాళ్ల ముందుకు తీసుకుపోయింది.

"మేడం, క్యాన్సర్ కాదని మీరే చెప్పుండ్రి. నేను చెప్తె ఇంటలేరు. నా కొడుకు గిదే పని చేసుకొని బతకాలె. గా రోగం ఇంట్ల ఉన్నదంటె మా చేతి బువ్వ ఎవలు తింటరు?"

చెప్పాను. ఆయనకు క్యాన్సర్ నయమై ఎనిమిదేళ్లు దాటిందనీ, పరీక్షలన్నిట్లో లేదనే వచ్చిందనీ, చనిపోయింది ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరడం వల్లననీ, దానికి కారణం అప్పటి చికిత్స దెబ్బతీసిన దవడ, గొంతు అనీ నిదానంగా చెప్పాను. అందరూ మర్యాదగా విన్నారు. వాళ్లలో పెద్దమనిషి ఒకాయన తల ఊపి, "సరే మేడం, మీరు ఇంత దూరం చూసిండ్రు, శాన మంచిది," అన్నాడు. అతని ఫోను మోగింది. రెండడుగులు పక్కకు పోయి ఎత్తాడు. అవతలివాళ్లు ఏమయిందని అడిగినట్టున్నారు. "ఇంకేంది, గదే. క్యాన్సర్ తోనే పోయిండు," అన్నాడు.

హసీనా బీ విన్నది. నా మోచెయ్యి వదిలేసింది.

ఆ తర్వాత అయిదేళ్లు ఉద్యోగం చేశాను. ఒక ప్రమోషన్ వచ్చింది, మరో ఊరు పోయాను. పన్ను తీసే ముందు ప్రతి మనిషి మెడ మీదా చెయ్యి వేసి చర్మం చూడటం, ఎప్పుడైనా కరెంటు పెట్టించుకున్నారా అని అడగడం, లేదన్నా మరోసారి వేరే మాటల్లో అడగడం నా కింద పనిచేసిన ప్రతి జూనియరుకూ నేర్పాను. అది నేర్పదగిన విషయమే. అవునన్నవాళ్లు కూడా కొందరు దొరికారు. వాళ్ల పళ్లు మేం పీకలేదు. హైదరాబాదుకు రెఫర్ చేశాం.

ఖాజా మియా నాకు నేర్పింది ఇది: వద్దని చెప్పడం వైద్యంలో సగమే. మిగతా సగం, ఆ వద్దన్నదాని బదులు రోగి చేతిలో ఏదైనా పెట్టడం. అది లేనప్పుడు రోగి మన మాట వినడు, మన నుంచి దాస్తాడు. దాచినందుకు అతన్ని తప్పుపట్టే హక్కు మనకు ఉండదు. ఆ మిగతా సగం ఎక్కడ దొరుకుతుందో రిటైరయ్యే రోజు దాకా వెతికాను. దొరకలేదు. ఇప్పుడు ఎక్కడైనా ఉందేమో నాకు తెలియదు.